గడప లోపలి దేవుడు

"మతం వ్యక్తిగత విషయం. దాన్ని ఎవరి గడప లోపల వాళ్లు పెట్టుకోవాలి. రాజకీయాల్లోకీ ఆఫీసుల్లోకీ తీసుకురాకూడదు." ఈ మాట నేను ముప్పయ్యేళ్లపాటు సభల్లో చెప్పాను. సాహిత్య సభల్లో, యూనియన్ మీటింగుల్లో, 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చిన తర్వాత జరిగిన నిరసన సభల్లో. చప్పట్లు కూడా బాగానే పడేవి. ఇప్పుడు ఆ మాటనే విమర్శకు పెట్టుకుంటున్నాను. మాట తప్పని కాదు. చెప్పినవాడు ఎక్కడ నిలబడి చెప్పాడన్నదే నా పేచీ. చెప్పింది నేనే కాబట్టి ఇంకెవరికీ కోపం రానక్కర్లేదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లె. ఊరి పేరు రాయను. ఈ వ్యాసం మీద ఉన్న పేరు కూడా నాది కాదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. మా తాతల కాలంలోనే మా పల్లెకి మిషను వచ్చింది. మేం చర్చిని గుడి అంటాం. పాస్టరుని అయ్యగారు అంటాం. ఊళ్లో గుడిలోకి మమ్మల్ని రానియ్యరు గనక పల్లెలో ఉన్నదే మాకు గుడి. అక్కడ నాకు ఒక పేరు పెట్టారు, బళ్లో ఇంకో పేరు రాశారు. బళ్లో రాసింది మా నాయన కాదు, హెడ్మాస్టరు. "ఒరే, ఆ పేరు రాస్తే నీ కొడుక్కి స్కాలర్‌షిప్పు రాదు" అని ఆయనే మార్చాడు. మంచికే మార్చాడు. కులం గడిలో "హిందూ మాల" అని వేశాడు. మా నాయన వేలిముద్ర వేసి వచ్చాడు. అట్లా ఆరేళ్ల వయసులో, ఒక వేలిముద్రతో నేను మతం మారాను. దాన్ని ఎవరూ మతమార్పిడి అనలేదు. దానికి ఏ మిషనూ రాలేదు, ఎవరూ గోధుమనూక పంచలేదు.

1976లో ఇంటర్మీడియట్ హాస్టలు సీటు కోసం సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. తాలూకాఫీసు నుంచి ఆర్ఐ ఎంక్వయిరీకి వస్తున్నాడని తలారి ముందురోజే చెప్పాడు. మా అమ్మ బైబిలు తీసుకెళ్లి బియ్యం కుండలో పెట్టింది. గోడ మీది ఏసుప్రభు కేలండరు తీసేసి, కోమటి కొట్లో అడుక్కొచ్చిన వెంకటేశ్వరస్వామి కేలండరు తగిలించింది. పాత కేలండరు ఉన్నచోట సున్నం తెల్లగా కనపడతా ఉంది. కొత్తది చిన్నదైపోయింది, ఆ తెలుపు చుట్టూతా మిగిలిపోయింది. ఆర్ఐ లోపలికి రాలేదు. మా ఇంట్లోకి ఎందుకొస్తాడు? గడప బయటే నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"ఏమే, ఏ దేవుడికి మొక్కుతారు మీరు?"

"అందరు దేవుళ్లకీ దణ్ణం పెట్టుకుంటామయ్యా."

సంతకం పడింది. ఆ రోజు మా అమ్మ అన్నం ముట్టలేదు. "పేతురు మూడుసార్లు బొంకాడు, నేను ఒక్కసారే గదరా" అని రాత్రి నాతో అన్నది. నవ్వుతా అన్నదో ఏడుస్తా అన్నదో చీకట్లో నాకు తెలియలేదు.

మతం గడప లోపల ఉండాలని చెప్పే పెద్దమనుషులకి ఈ సంగతి చెప్పాలి. మా గడప లోపలికి తొంగిచూసింది రాజ్యం. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాకుండా వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని దాని సారం. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉన్నారు. షెడ్యూల్డు తెగలకి ఇట్లాంటి షరతు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలని బీసీ సీ గ్రూపులో వేసి ఒక శాతం ఇచ్చారు. ఒక రెడ్డి క్రైస్తవుడైతే రెడ్డిగానే ఉంటాడు, ముఖ్యమంత్రి కూడా అయ్యాడు, నాకు సంతోషమే. మాలాడు క్రైస్తవుడైతే ఊళ్లో మాలాడిగానే ఉంటాడు, కాగితం మీద మాత్రం ఉండడు. వాడు మళ్లీ హిందువునయ్యానని రుజువు చేసుకుని, కులంవాళ్లు కలుపుకుంటే కులం తిరిగొస్తుందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కులం ఎక్కడికీ పోలేదు, దాన్ని పక్కన పెట్టి ఉంచారన్నమాట.

ఈ తొంగిచూసే ఆఫీసు లోపల ఎట్లా ఉంటుందో ఉద్యోగంలో చేరాక చూశాను. ద్వారానికి గుమ్మడికాయ. సూపరింటెండెంటు వెనక గోడకి లక్ష్మీదేవి. శుక్రవారం సాంబ్రాణి. దసరాకి టైపు మిషన్లకీ జీపుకీ పూజ, జీపు చక్రాల కింద నిమ్మకాయలు. కొత్త బిల్డింగుకి శంకుస్థాపన ముహూర్తం పంతులు పెట్టాడు, కొబ్బరికాయ మంత్రిగారు కొట్టాడు. వినాయక చవితి చందా జీతాల రోజున లిస్టు వేసి వసూలు చేసేవాళ్లు. నేనూ ఇచ్చాను. దాన్ని మతం అనరు, సంప్రదాయం అంటారు. ఒక డిసెంబరులో మా సెక్షన్‌లో ఒకావిడ తన టేబులు పైన చిన్న కాగితం నక్షత్రం కట్టింది. సూపరింటెండెంటు పిలిచి, "అమ్మా, ఆఫీసులోకి మతం తేకూడదు" అన్నాడు. సాంబ్రాణి పొగలోనుంచి అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను అభ్యుదయవాదిని గదా. "సారు చెప్పింది కరెక్టే మేడమ్" అన్నాను.

ఆమె నక్షత్రం విప్పుకుంది. లక్ష్మీదేవి గోడమీదే ఉంది. సూత్రం ప్రకారం నేను ఆ రెండోది కూడా అడగాల్సింది. అడగలేదు. అడిగితే నా గడప లోపలికి ఇంకోసారి తొంగిచూస్తారని భయం.

సాహిత్యంలోకి వస్తాను. జాషువా "గబ్బిలం" 1941లో వచ్చింది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, కాశీలో ఉన్న శివుడికి సందేశం పంపించాడు. మేఘసందేశంలో యక్షుడికి మేఘం దొరికింది, మనవాడికి గబ్బిలం దొరికింది. ఎందుకంటే గుళ్లోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. పూజారి లేని సమయం చూసి శివుడికి చెప్పమంటాడు. దీన్ని మా కాలేజీలో "హరిజన సమస్య" అని చెప్పారు, కరుణ రసం అని చెప్పారు. బాప్తిస్మం ఇంట్లో పుట్టినవాడు శివుడికి ఎందుకు అర్జీ పెట్టుకున్నాడని మా మాస్టారు అడగలేదు, మేమూ అడగలేదు.

నాకు తోచింది చెప్తాను, పండితులు ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆ కావ్యంలో శివుడు భక్తుడి సొంత దేవుడు కాదు. ఊరుమ్మడి ఆఫీసు. బావి, బాట, బడి, పొలం, న్యాయం అన్నిటి హక్కుపత్రాలూ ఆ గర్భగుడిలోనే ఉన్నాయి. పూజారి అక్కడ బంట్రోతు. అర్జీ ఎక్కడ ఇస్తే ఫైలు కదులుతుందో అక్కడే ఇవ్వాలి గనక జాషువా అక్కడ ఇచ్చాడు. తన సొంత నమ్మకం సంగతి వేరే, ఆయన "క్రీస్తు చరిత్ర" వేరే రాసుకున్నాడు. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మా క్లాసులో ఆ పుస్తకం పేరు అవార్డు చెప్పేటప్పుడు ఒక్కసారి వినపడింది, పుస్తకం మాత్రం ఎవరూ తెరవలేదు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలకి తెల్లవార్లూ వన్స్‌మోర్లు కొట్టిన జనం, రాసినవాడు ఏ గుడికి పోతాడని అడగలేదు. ఆయన్ని పక్క పంక్తిలో కూర్చోపెట్టేటప్పుడు మాత్రం కులం అడిగారు.

అంబేడ్కర్‌ని కూడా మేం సగమే చదివాం. మహద్ చెరువు మున్సిపాలిటీది. అందరూ వాడుకోవచ్చని మున్సిపాలిటీయే తీర్మానం చేసింది. 1927లో ఆయన జనంతో వెళ్లి నీళ్లు తాగితే, మైలపడిందని సవర్ణులు ఆ చెరువుకి పంచగవ్యంతో శుద్ధి చేశారు. చెరువు సర్కారుది, మైల మతానిది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆయన చెప్పింది కూడా ఇదే సంగతి: ఈ దేశంలో మతం పుట్టుక నుంచి చావుదాకా బతుకంతా ఆక్రమించుకుని ఉంది, దానికి ఒక హద్దు గియ్యకపోతే ఏ సంస్కరణా సాగదు అని. ఆయన హద్దు గియ్యమన్నది బావి దగ్గర, బడి దగ్గర, ఆస్తి దగ్గర, పెళ్లి దగ్గర. పేదదాని బియ్యం కుండ దగ్గర కాదు. అదే మనిషి 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది మధ్య, పట్టపగలు, బహిరంగంగా మతం మారాడు. దాన్ని నా ఉపన్యాసంలో ఎక్కడ పెట్టాలో నాకు తెలిసేది కాదు. అందుకని దాటేసేవాణ్ణి.

1985 జులైలో కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినప్పుడు, పారిపోయినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఉద్యమం అక్కడినుంచే లేచింది. అది మతం రాజకీయాల్లోకి రావడమా? ఊళ్లో ఉండే పబ్లిక్ స్థలాలన్నిటిలోనుంచీ తరిమినవాళ్లకి ఆ కాంపౌండుగోడే పబ్లిక్ స్థలం అయింది.

మావాళ్లని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. మాల గుడి, మాదిగ గుడి ఒకే ఊళ్లో వేరువేరుగా కట్టుకున్నవాళ్లం మేం. ఎలక్షన్లొస్తే క్యాండిడేటు గుడికి స్లాబు వేయిస్తానంటాడు, మైకుసెట్టు ఇస్తాడు. ఆ ఆదివారం అయ్యగారు ఆ క్యాండిడేటు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తాడు. స్లాబుతోపాటు గుడిలో ఉన్న ఓట్లూ పోతాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకీ ఇమాములకీ పాస్టర్లకీ తలా అయిదువేలు ఇచ్చింది. ఆకలి కాలం, కాదనను. కానీ సర్కారు సొమ్ము అందుకున్న చెయ్యి సర్కారుని వేలెత్తి చూపించలేదు. మా అమ్మ దేవుడు స్లాబు లేనప్పుడే బాగా వినేవాడు. అందుకే ఆ మాట తప్పనటంలేదు నేను. మతమూ రాజకీయమూ వేరుగా ఉండాలి. గోడమీద లక్ష్మీదేవీ, మైకుసెట్టూ, మూడో పేరా అన్నీ ఒకేసారి పోవాలి. ఒక్క కాగితం నక్షత్రం మాత్రమే విప్పిస్తే దానికి పేరు వేరే ఉంది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని గుడికి పోతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నది. 2025లో మన హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. అంతకుముందే, 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2022లో కేంద్రం దీనిమీద ఒక కమిషన్ కూడా వేసింది. నేను కోర్టు తీర్పు చదివి చాలాసేపు కూర్చున్నాను. మోసం అన్న మాట నా గురించే. కాదని అనలేను. కాకపోతే ఆ మోసంలో మొదటి అబద్ధం నాకు ఆరేళ్లప్పుడు హెడ్మాస్టరు రాశాడు, రెండోది మా అమ్మ చేత ఆర్ఐ చెప్పించాడు. మూడోది మాత్రం నేనే చేశాను. అది చెప్పాలి.

1994లో మా నాయన పోయాడు. మా గుళ్లో నలభయ్యేళ్లు గంట కొట్టిన మనిషి. సమాధుల తోటలో గట్టు కట్టిస్తున్నాం. తాపీమేస్త్రి శిలువ కోసం ఇనప ఊచలు కొలుస్తున్నాడు. అంతకు రెండు నెలల ముందే మా ఆఫీసులో ఒకతని మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, కులం తప్పుగా రాయించుకున్నాడని. ఎంక్వయిరీవాళ్లు అతని తండ్రి సమాధి ఫోటో తీసుకుపోయారు. నేను మేస్త్రితో "శిలువ వద్దు, గట్టు ఒక్కటే వెయ్" అన్నాను. మా అమ్మ నా మొహంకేసి చూసింది. "మీ నాయన ఏం తప్పు చేశాడురా?" అన్నది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ తర్వాతి ఆదివారమే విజయవాడలో ఒక సభ. మతం గడప లోపల ఉండాలని గంటసేపు మాట్లాడాను.

మరుసటేడు ఈస్టరు తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి పోయాం. మా నాయన గట్టు మీద, కాళ్లవైపు, మేకుతో గీసిన రెండు గీతలు కనపడ్డాయి. నిలువు ఒకటి, అడ్డం ఒకటి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు గీసినవి. మా అమ్మ కొవ్వొత్తి అక్కడే పెట్టింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

2019లో మా అమ్మ పోయింది. మరుసటేడు నేను రిటైరయ్యాను. ఇక నా ఉద్యోగానికి భయంలేదు. కానీ మా అమ్మాయి గ్రూప్ పరీక్షలు రాస్తోంది, దాని సర్టిఫికెట్ నా సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడే అమ్మ అన్నది, "నా మీద ఏమీ పెట్టించమాకరా, పిల్లకి ఇబ్బంది." నాయన పక్కనే గట్టు కట్టించాను. మేస్త్రి పని ముగించుకుని వెళ్లేసరికి సాయంత్రం అయిదయింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. తోటలో ఎవరూ లేరు. నా జేబులో ఇంటి తాళంచెవి ఉంది. కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను.