సగం నొక్కి ఆగండి

గూడూరులో ఒక చేనేత ఇంట్లో, గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయనను నా జేబు కెమెరాతో మొదటిసారి తీసినప్పుడు ఫ్లాష్ ఫెళ్లున వెలిగింది. తెర మీద బొమ్మ చూసి ఆయన, "ఏం నాయనా, నా మొగానికి సున్నం కొట్టినావు. మగ్గం యాడుంది?" అన్నాడు. నిజమే, మగ్గం చీకట్లో కలిసిపోయింది. ఫ్లాష్ ఆపేశాను. కిటికీ వెలుతురు ఆయన మీద పక్కనుంచి పడేలా జరిగాను. కెమెరాను ట్రంకు పెట్టె మీద ఆనించి రెండు సెకన్ల టైమరు పెట్టాను. ఈసారి పడుగు దారాలు లెక్కపెట్టేంత తేటగా వచ్చాయి, ఆయన మెడ మీది చెమటతో సహా.

చిన్న కెమెరా చెడ్డది కాదు, దానికి వెలుతురు ఆకలి ఎక్కువ. వెలుతురును పట్టే సెన్సర్ వెడల్పు చాలా కాంపాక్టులలో 6 మిల్లీమీటర్ల పైచిలుకే, పెద్ద కెమెరాల్లో 36 దాకా ఉంటుంది. అందుకే చీకటి పడగానే బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకెక్కుతుంది. వెలుతురు పట్ల సెన్సర్ చురుకుదనాన్ని చెప్పే ఐ.ఎస్.ఓ. అంకెను 100, 200 దగ్గరే ఉంచి, కెమెరాను గోడకో స్తంభానికో ఆనించండి. డిజిటల్ జూమ్ జోలికి పోకండి. అది ఉన్న బొమ్మనే కోసి సాగదీస్తుంది. దానికి బదులు నాలుగడుగులు ముందుకు వేయండి.

ఇక బొమ్మ తీసే మీట సంగతి. సగం నొక్కితే కెమెరా దూరాన్నీ వెలుతురునూ చూసుకుని సిద్ధమవుతుంది. ఒక్కసారిగా నొక్కితే ఆ లెక్క తేలేలోపే క్షణం జారిపోతుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో రథం కదలకముందే చక్రం మీద గురిపెట్టి సగం నొక్కి ఆగాలి. చక్రం కదిలిందా, మిగతా సగం.

ప్లస్, మైనస్ గుర్తుల మీటను ఎవరూ ముట్టుకోరు. అసలు విద్య అక్కడే ఉంది. కెమెరాకు లోకమంతా ఒకే బూడిద రంగు అనుకునే అలవాటు. ఆదోని మార్కెట్లో పత్తి కుప్పను తీస్తే మాసిన దుప్పటిలా వస్తుంది. ప్లస్ ఒకటి పెట్టండి, పత్తి తెల్లబడుతుంది. దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో కాగడాలను తీస్తే మంట తెల్లటి మచ్చయిపోతుంది. మైనస్ ఒకటి పెట్టండి, చీకటి చీకటిగా, మంట మంటగా నిలుస్తాయి.

ఈ సదుపాయాలేవీ లేని రోజుల్లోనే ఆరో నిజాం ఆస్థానంలో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద బొమ్మలు తీశారు. అప్పటికప్పుడు చూసుకునే తెర లేదు, చెరిపి మళ్లీ తీసే వీలు లేదు. అయినా ఆ దర్బారులు, ఆ వేట బృందాలు ఎంత నిబ్బరంగా నిలిచాయో! కోరుట్ల నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ రాజన్‌బాబు ముందు వెలుగునీడలు చేతులు కట్టుకుని నిలబడేవి. 2022లో మనల్ని విడిచిపోయిన వరంగల్ ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మలను, పల్లె ఆడవాళ్లను, ఇళ్ల తలుపులను తీసిన తీరు చూడండి. ఏ పెద్ద సంస్థా చేయలేని పని ఒక్క మనిషి కన్ను చేసింది. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాకు ఒక్క బొమ్మ దాచుకోవడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు కంటిరెప్ప వేసేలోపు పదొస్తున్నాయి. ఆ పదిలో చూసి తీసింది ఒక్కటైనా ఉందా?

నా కోపమంతా ఇక్కడే. ఫోను ముఖాన్ని నున్నగా చెక్కేస్తుంది. అరవై ఏళ్ల అవ్వ ముడతలు పోయి మైనపు బొమ్మవుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో మన ఊరి కొండలు, కోటలు తీసేసి ఎక్కడిదో మంచుకొండ అతికిస్తారు. కూడలిలో ఫ్లెక్సీ చూస్తే పెళ్లికొడుకూ నాయకుడూ ఒకే గులాబీ రంగు. ఇది ఫోటో కాదు, మనిషిని చెరిపేయడం. ఆ ముడతల్లో ఎన్ని కరువులు దాటిన జీవితముందో తీసేవాడికి పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

బీరువాలో మూలపడ్డ ఆ పాత కెమెరాను దయచేసి పారేయకండి. ఛార్జింగ్ పెట్టండి. పొద్దువాలే వేళ మీ అవ్వనో తాతనో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ ఆపి ఒక్క బొమ్మ తీయండి. దాన్ని కాగితం మీద వేయించి వాళ్ల చేతికే ఇవ్వండి.