జంట అడుగు, అర నిమిషపు తెర: ‘నాటు నాటు’ నృత్యంపై ఒక విమర్శ

విద్యార్థులారా! విమర్శ గ్రంథాలపైనే రాయాలన్న నియమం లేదు. మీ ఫోన్‌లో కనిపించే అర నిమిషపు రీల్ కూడా విమర్శకు తగిన వస్తువే. ఈ భాగంలో ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’ స్టెప్పును పరిశీలిద్దాం.

ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకరి భుజంపై మరొకరు చెయ్యి వేసుకొని, కాళ్లను ఒకే లయలో విసురుతారు. 2021 నవంబరులో పాట విడుదలైనప్పటి నుంచి స్నేహితులు, అన్నదమ్ములు, భార్యాభర్తలు దీన్ని ఆడి వీడియోలు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని దక్షిణ కొరియా రాయబార కార్యాలయ సిబ్బంది కూడా ఆడారు.

ఇది ఇంతగా వ్యాపించడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. చూడగానే గుర్తుపట్టవచ్చు, ఆడబోతే మాత్రం తేలిక కాదు. పైగా ఒక్కరే ఆడితే అందం రాదు. ఒకరు అరక్షణం వెనకబడినా ఇద్దరూ తప్పినట్టే కనిపిస్తుంది. జతగా సాధన చేయక తప్పని పరిస్థితిని ఈ స్టెప్పు కల్పించింది. ఇది దాని గొప్ప గుణం.

మొదట నేను రీల్స్ మాత్రమే చూసి, ‘ఇది నృత్యం కాదు, కసరత్తు’ అని తేల్చేశాను. సినిమా పూర్తిగా చూశాక ఆ తీర్పు తప్పని తెలిసింది. కథ 1920ల నాటి ఢిల్లీలో జరుగుతుంది. (ఈ పాటను చిత్రీకరించింది మాత్రం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో.) విందులో ఒక ఆంగ్లేయుడు భీమ్‌ను నాట్యం రాదని అవమానిస్తాడు. రామ్, భీమ్ కలిసి ఆడి బదులిస్తారు. క్రమంగా అది ఎవరు చివరిదాకా నిలుస్తారన్న పోటీగా మారుతుంది. చివరికి మిత్రులిద్దరే మిగులుతారు. భీమ్ గెలవాలని జెన్నీ ఆరాటపడటం రామ్ గమనిస్తాడు. కావాలనే కూలబడి, గెలుపును మిత్రుడికి వదిలేస్తాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. అంతవరకు ఆ అడుగులు ‘మేమూ సమానులమే’ అంటున్నాయి. రామ్ ఓడిపోవడంతో అవి స్నేహాన్ని చెప్పాయి. మన కోలాటంలో ఆటగాడి చూపు జతగాడి కోలపై ఉంటుంది. రీల్‌లో ఇద్దరి చూపూ కెమెరాపైనే. సినిమాలోనూ ఆ స్టెప్పును కెమెరాకు ఎదురుగానే ఆడారు. కానీ కథను మలుపు తిప్పింది, రామ్ చూపు పక్కవాడి వైపు తిరగడం. రీల్ సరిగ్గా దానికి ముందే ఆగిపోతుంది.

మరో లోపం కూడా ఉంది. ఆస్కార్ పురస్కారం పాటకు కాబట్టి స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్ అందుకున్నారు. నృత్య దర్శకత్వానికి అక్కడ విభాగమే లేదు. మన జాతీయ చలనచిత్ర పురస్కారం మాత్రం నృత్య దర్శకుడు ప్రేమ్ రక్షిత్‌ను గుర్తించింది. లోకం అనుకరించింది ఆయన కూర్చిన అడుగులనే. అయినా రీల్స్‌లో ఆయన పేరు కనిపించడం అరుదు.

కాబట్టి రీల్‌ను తిరస్కరించనక్కరలేదు. అది కృతికి వాకిలి మాత్రమేనని గుర్తిస్తే చాలు. వాకిట్లో నిలబడి ఇల్లంతా చూశామనడం, గైడు చదివి నవలపై వ్యాసం రాయడం ఒకటే. నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రామ్ ఓటమి ఆ నృత్యం అర్థాన్ని ఎలా మార్చింది?
2. మీరు చూసిన ఒక జంట నృత్య రీల్‌ను దాని మూల సన్నివేశంతో పోల్చి, పోయినదేమిటో, కొత్తగా చేరినదేమిటో పది వాక్యాల్లో రాయండి.