నర్సమ్మ పనితనం

అనుమసముద్రంపేట అంటే ఎవరికైనా దర్గా గుర్తొస్తుంది. నాకు ఆ చుట్టుపక్కల పల్లెల్లో గడప గడపా ఎక్కి దిగే ఆశా కార్యకర్తలూ, నర్సమ్మలూ గుర్తొస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ఆడవాళ్లను ఒప్పించడం సామాన్యమా? ‘నాకేం రోగముందమ్మే?’ అంటారు. తెల్లబట్ట అవుతున్నా మొగుడికి కూడా చెప్పరు. పైగా ఆ పూట కూలి పోతుందన్న దిగులొకటి.

పరీక్షకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, గర్భాశయ ముఖద్వారం మీద దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. మామూలు చోట గులాబీ రంగు అలాగే ఉంటుంది, తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. ఆ తెలుపు ఎంత దట్టంగా ఉంది, అంచు ఎలా తేలింది అని పోల్చుకోవడంలోనే ఉంది పనితనమంతా. వాపు ఉన్నా తెల్లబడొచ్చు. అందుకే బెదరగొట్టకుండా పెద్దాసుపత్రికి పంపడం కూడా తెలిసుండాలి.

2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్లలోపు వాళ్లకు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలి. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ సోకాక, అది క్యాన్సర్‌గా ముదరడానికి ఏళ్లు పడుతుంది గనుక, ఈలోగా దొరికితే ఆ మచ్చ దగ్గరే ఆపేయొచ్చు.

అన్నట్టు, గదికి తెర ఉందా, తలుపు గడియ పడుతుందా అని ముందే చూసుకునే నర్సమ్మ దగ్గరికే జనం వస్తారు.