పళ్లెంలో అడవి

కడియం నర్సరీల్లో కుండీల వరసల మధ్య నడుస్తూ పోతే చాలాచోట్ల చివర ఒక మూల తగులుతుంది. అమ్ముడుపోని మొక్కల మూల. ఒకవైపే కొమ్మలేసిన జువ్వి, పక్కదాని నీడలో వెలుతురు కోసం సన్నగా సాగిన చింత, మొదలు దగ్గర వంకర తిరిగిన సరుగుడు అక్కడ ఉంటాయి. బోన్సాయ్ చేద్దామని వచ్చినవాళ్లు వాటివంక చూడరు. వాళ్లకు లావాటి మొదలు కావాలి, నాలుగు దిక్కులా పాకిన వేళ్లు కావాలి, చుట్టూ కొమ్మలు కావాలి. కుండీలో ఒక్క చెట్టే నిలబడి అన్నిటికీ జవాబు చెప్పుకోవాలి మరి.

ఆ మూలన పడ్డవాటినే ఏరుకొచ్చి వాడుకునే పద్ధతి జపాన్ బోన్సాయ్‌లో ఒకటుంది. యొసె-ఉఎ అంటారు, చేర్చి నాటడం అని అర్థం. వెడల్పాటి, లోతులేని పళ్లెంలో ఒకే జాతి మొక్కలు ఐదో, ఏడో, తొమ్మిదో, ఇంకా ఎక్కువో కలిపి నాటి అడవి చేస్తారు. రాళ్లు తోడైతే అడవి కింద కొండ కూడా వస్తుంది. మన పత్రికల్లో వామన వృక్షాల మీద ఎప్పుడు రాసినా ఒంటి మర్రి బొమ్మే వేస్తారు గానీ, ఈ కళలోని అసలు తెలివంతా ఈ అడవుల్లోనే ఉందని నా అభిప్రాయం.

ఊరి చివర సరుగుడు తోటను శ్రద్ధగా చూసినవాళ్లకు దీని కిటుకు సగం తెలిసినట్టే. గట్టు పక్కన ఉన్న చెట్లకు బయటివైపు కిందిదాకా కొమ్మలుంటాయి, లోపలివైపు ఏమీ ఉండవు. మధ్యలోవి నిట్రాడుల్లా నున్నగా లేచి నెత్తిన మాత్రం ఇంత గుబురు పెట్టుకుంటాయి. ఏ ఒక్కదాన్ని తవ్వి తెచ్చి విడిగా కుండీలో పెట్టినా బాగుండదు. తోటలో ఉన్నంతసేపూ దేనికీ వంక పెట్టలేం. నర్సరీ మూలన పడ్డ ఆ జువ్వికి పళ్లెం అంచున చోటుంది. సాగిపోయిన చింత లోపలికి కావలసిన చెట్టే.

రాయినీ చెట్టునూ ఒకే పళ్లెంలో పెట్టడం జపాన్‌లో మొదలైంది కాదు. చైనాలో క్రీ.శ. 706 నాటి జాంగ్‌హువాయ్ రాకుమారుడి సమాధి గోడల మీద ఒక చిత్రముంది. చిన్న చిన్న రాళ్లూ మొక్కలూ అమర్చిన పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని సేవకుల్లో ఒకరు నడిచిపోతున్నట్టు గీశారు. అక్కడ ఈ కళ పేరు పెన్‌జింగ్. 11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ కొండల్ని గీయడానికి మూడు దూరాలున్నాయన్నాడు. కింద నిలబడి శిఖరాన్ని తలెత్తి చూడడం ఒకటి, కొండ ముందు నుంచి దాని వెనకేముందో తొంగి చూడడం రెండు, దగ్గరి కొండ మీద నుంచి దూరపు కొండల్ని తిన్నగా చూడడం మూడు. ఆయన బొమ్మ గీయడం గురించి చెప్పినా, పళ్లెంలో అడవి నాటేవాళ్లు నేటికీ మొట్టమొదట తేల్చుకోవాల్సింది అదే. చూసే మనిషిని ఎక్కడ నిలబెడుతున్నాం? అడవి ముఖద్వారం దగ్గరా, పొలాల అవతల దూరంగానా?

దగ్గర నిలబెడితే పెద్ద చెట్లు ముందుకు రావాలి, చిన్నవీ సన్నవీ వెనక్కి పోవాలి. అప్పుడు కంటికి లోతు కనిపిస్తుంది. పళ్లెం వెడల్పు జానెడే అయినా వెనక చెట్లు ఎక్కడో ఉన్నట్టుంటాయి. దూరంగా నిలబెడితే పెద్దవి మధ్యలోకి వెళ్లి, రెండు పక్కలకూ ఎత్తు తగ్గుతూ పోతుంది. రెండూ కలిపితే చెడుతుంది. కొత్తవాళ్ల అడవులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

జపాన్‌లో ఈ విద్యకు పెద్దదిక్కుగా చెప్పుకోవాల్సిన మనిషి సబురో కాతో. 1923 భూకంపం టోక్యోను నేలమట్టం చేశాక, అక్కడి బోన్సాయ్ పెంపకందార్లు కొందరు మంచి నేల, నీరు, గాలి వెతుక్కుంటూ ఓమియా చేరి 1925లో ఒక బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. ఆ ఊళ్లో ఉండాలంటే ఇంటికి కనీసం 10 బోన్సాయ్‌లు ఉండాలి, గేటు తెరిచే ఉంచాలి, మేడ కట్టకూడదు, ప్రహరీ బదులు కంచె మొక్కలే పెంచాలి అని వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు చదివితే మన అగ్రహారాలు గుర్తొస్తాయి. కాతో కుటుంబపు మాన్‌సెయిఎన్ తోట అక్కడిదే. ఉత్తరాది చలి దీవుల్లో పెరిగే ఎజో స్ప్రూస్ చెట్లతో అడవులు నాటడంలో, వాటిని రాళ్ల మీద నిలబెట్టడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆ రెండింటి మీదా ఆయన రాసిన పుస్తకం ఇంగ్లిష్‌లోకి కూడా వచ్చింది. 1989లో ప్రపంచ బోన్సాయ్ స్నేహ సమాఖ్య ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే.

ఇంకొకాయన తోషియో కవమోతో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జపాన్‌లో పాత బోన్సాయ్‌లు చాలా పోయాయి, మిగిలినవి కొనే స్తోమత మామూలు జనానికి లేదు. లేత మొక్కలు మాత్రం చవగ్గా దొరికేవి. వాటినే రాళ్లతో, ఇసుకతో, నాచుతో కలిపి పళ్లెంలో ప్రకృతి దృశ్యాలు కట్టించాడాయన. దానికి సైకెయ్ అని పేరు పెట్టాడు. ఏళ్లు గడిచి అందులో ఒక మొక్క బాగా లావెక్కితే తీసి విడిగా బోన్సాయ్ చేసుకోవచ్చు. అంటే ఆ పళ్లెం దృశ్యానికి దృశ్యం, నారుమడికి నారుమడి. లేమిలో పుట్టిన ఉపాయం కాబట్టేనేమో, మనలాంటి ఇళ్లకు బాగా అతుకుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. రాళ్లతో అడవి కట్టేటప్పుడు ముందు రాయి, తర్వాతే చెట్టు. రాళ్లన్నీ ఒకే జాతివి, ఒకే రంగువి కావాలి. నల్లరాయి పక్కన గులాబీ గ్రానైట్ పెడితే కొండ కనిపించదు, ఇల్లు కట్టగా మిగిలిన సామాను కనిపిస్తుంది. రాతిలో పొరలుంటాయి చూడండి, ఆ పొరలన్నీ ఒకే దిక్కుకు సాగాలి. అడ్డ పొరలైతే అన్నింటికీ అడ్డం, ఏటవాలైతే అన్నింటికీ ఏటవాలు. భూమిలోంచి ఒకే కొండ అక్కడక్కడా బయటికి తేలినట్టుండాలి. అందుకే రాయిని మట్టి మీద పెట్టకూడదు, మట్టిలో పాతాలి. మూడో వంతు లోపలికి పోయినా నష్టం లేదు. అందమైన రాయి పూడ్చడానికి చెయ్యి రాదు, నిజమే, కానీ పైన పెట్టిన రాయి పెట్టినట్టే కనిపిస్తుంది. పెద్ద రాయి పళ్లెం నట్టనడుమ వద్దు. ఒక పక్కకు, మూడో వంతు దగ్గర ఉంటే మిగతా చోటు అంతా దాన్ని ఆనుకుని సాగుతుంది.

రాయి చేసే మేలు ఇంకోటుంది. చెట్లన్నీ ఒకే ఎత్తున్నాయనుకోండి, రాళ్లు అడ్డం పెట్టి వెనక మట్టి మెట్టగా పోస్తే కొన్ని పైకి లేస్తాయి. ఎత్తుపల్లాల సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది. రెండు రాళ్ల మధ్య సందు వదిలితే అది వాగు అవుతుంది, బాట అవుతుంది. చైనావాళ్లు తెల్లని పాలరాతి పళ్లెంలో రాళ్ల అడుగు చదునుగా కోసి సిమెంటుతో ఒడ్డులా అతికించి, ఒకవైపే మట్టి పోసి, రెండోవైపు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఖాళీయే నది.

చెట్లు పళ్లెంలో కుదురుకోవాలంటే వేళ్లు పలచగా ఉండాలి. తల్లివేరు కోసేసి, పీచువేళ్లు మాత్రం ఉంచి, ఒకటి రెండేళ్లు వెడల్పాటి తొట్టెలో పెంచాక గానీ అడవికి పనికిరావు. నాటాక ఏ చెట్టూ దానంతటది నిలబడదు, వేళ్లలో బరువుండదు. పళ్లెం అడుగు రంధ్రాల్లోంచి తీగలు పైకి తీసి వేళ్లను కట్టేస్తారు. పెద్ద అడవైతే సన్నని వెదురు బద్దల్ని జల్లెడలా అల్లి పళ్లెంలో పరిచి, చెట్లన్నింటినీ దానికే కట్టి నిలబెడతారు. మట్టి పోశాక పుల్లతో పొడుస్తూ వేళ్ల సందుల్లోకి దించాలి. గాలి బొరియలు మిగిలితే అక్కడి వేళ్లు ఎండిపోతాయి.

అన్నిటికన్నా లావాటి, ఎత్తైన చెట్టు మొదట నాటాలి. అది అడవికి ఇంటిపెద్ద. రెండోది దానికి దగ్గరగా, కొంచెం పొట్టిగా. మూడోది దూరంగా. ఈ ముగ్గురి మధ్య త్రిభుజం గీస్తే ఏ రెండు భుజాలూ సమానంగా రాకూడదు. తర్వాత వచ్చే ప్రతి చెట్టుతోనూ ఇదే లెక్క. ముందు నుంచి చూసినా పక్క నుంచి చూసినా మూడు మొదళ్లు ఒకే గీత మీద పడకూడదు, ఒకదాని వెనక ఒకటి దాక్కోకూడదు. సంఖ్య బేసిగా ఉండాలంటారు. జపాన్ భాషలో నాలుగుకూ చావుకూ ఉచ్చారణ ఒకటే కాబట్టి నాలుగు చెట్లు అసలే నాటరు. చెట్లు బాగా ఎక్కువైతే లెక్కపెట్టే కన్ను ఉండదు, సరి బేసి పట్టింపూ పోతుంది.

నా మొదటి అడవిలో తొమ్మిది జువ్వి మొక్కలు. కొలబద్ద పెట్టి మరీ నాటాను. మా మేనత్త వచ్చి కాసేపు చూసి, "ఇదేంట్రా, బడిపిల్లలు ప్రార్థనకు నిల్చున్నట్టున్నాయి" అంది. ఆ మాట తర్వాత ఎన్ని పాఠాలు చదివినా అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. తప్పు చెట్లది కాదు, వాటి మధ్య ఎడానిది. రెండు చెట్లు దాదాపు రాసుకునేంత దగ్గరగా ఉండాలి, ఇంకో చోట అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉండాలి. మళ్లీ పీకి నాటినప్పుడు నేను మార్చింది ఖాళీల్నే.

నాటాక కత్తెర పని. లోపలికి చూసే కొమ్మలు, ఎదుటి చెట్టు మానుకు అడ్డొచ్చే కొమ్మలు పోతాయి. అంచు చెట్లు వెలుతురు వైపు కాస్త బయటికి ఒరిగితే సహజంగా ఉంటుంది. చివర్లో తడి నాచు పరుస్తారు. నేలంతా పచ్చగా కప్పేయకుండా అక్కడక్కడా మట్టి కనిపించనిస్తేనే అందం.

రాతి మీదే చెట్టు పెట్టాలంటే పద్ధతి వేరు. జపాన్‌లో దానికి కెతో అనే నల్లటి జిగురు మట్టి వాడతారు. చిత్తడి నేలల్లో రెల్లు లాంటి గడ్డి ఏళ్ల తరబడి కుళ్లి తయారైన మట్టి అది. పిసికి రాతి గుంటలో మెత్తి, వేళ్లు అదిమి, పైన మళ్లీ మెత్తుతారు. మట్టి జారకుండా, చెట్టు ఊగకుండా రాతికి తీగలు బిగించాలి. పూర్వం రాతి పగుళ్లలో సీసం ముక్క దిగ్గొట్టి తీగ పట్టించేవారు, ఇప్పుడు ఎపాక్సీ జిగురుతో అతికిస్తున్నారు. ఎదిగిన వేళ్లు పగుళ్లు పట్టుకున్నాక ఆ తీగల అవసరం ఉండదు.

అడవి బోన్సాయ్‌లన్నింటిలో లోకం ఎక్కువగా ఎరిగింది అమెరికాలో ఉంది. లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డ జపనీస్ సంతతి తోటమాలి జాన్ నాకా జూనిపర్ చెట్లతో కట్టిన ఆ అడవి పేరు గోషిన్. దాని మొదటి చెట్లపై ఆయన పని 1948లో మొదలైంది. 1964లో ఏడుగురు మనవల పేర ఏడు చెట్లయ్యాయి. తర్వాత మనవలు పెరిగారు, చెట్లూ పెరిగాయి, 11 దగ్గర ఆగింది. 1984లో దాన్ని జాతికి ఇచ్చేశాడు. ఇప్పుడు వాషింగ్టన్‌లో జాతీయ బోన్సాయ్, పెన్‌జింగ్ మ్యూజియంలో ఉంది. అక్కడున్న మన తెలుగువాళ్లు చెర్రీ పూలు చూడ్డానికి ఏటా పోతుంటారు. ఈసారి ఒక గంట అటు కేటాయించండి.

స్ప్రూస్, జూనిపర్ మన ఎండలో బతకడం కష్టం. వాటిని తెప్పించి చంపుకోవడం కన్నా ఇక్కడివాటితో పని చేసుకోవడం మేలు. జువ్వి అన్నిటికన్నా ఓపికైన చెట్టు, తప్పులు క్షమిస్తుంది. చింత ఆకు సహజంగానే చిన్నది కాబట్టి పళ్లెంలోనూ చెట్టు పెద్దదిగా కనిపిస్తుంది. తైవాన్, ఇండోనేషియాల్లో సరుగుడు బోన్సాయ్‌లకు గొప్ప పేరుంది, మనం మాత్రం సరుగుడును కర్ర కోసమే చూస్తాం. దాని వేళ్లు ఒక్కసారిగా కడిగి కోస్తే తట్టుకోదు, కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. జపాన్‌లో చిగుళ్లకు ముందు, చలి వదిలే వేళ నాటుతారు. మన జువ్వికి, చింతకు తొలకరి మంచిది.

పళ్లెం కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. పలచటి రాతిపలక మీద అడవి నాటడం ఓమియాలో ఎప్పటినుంచో ఉన్నదే. మనకు బేతంచర్ల నాపరాయి, కడప బండ, తాండూరు బండ ఉన్నాయి. అంచు సుత్తితో ఎగుడుదిగుడుగా కొట్టించి, రెండు రంధ్రాలు వేయించి, చుట్టూ జిగురు మట్టి గట్టు కడితే చాలు. ఒకటే జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండ పెనంలా కాలుతుంది, నీడలోకి మార్చి రెండు పూటలా తడపాలి. కొన్నేళ్లకు వేళ్లన్నీ అల్లుకుపోయి ఒకే చాపలా లేస్తాయి. ఏ వేరు ఏ చెట్టుదో అప్పుడు నాటినవాళ్లు కూడా చెప్పలేరు. మట్టి మార్చేటప్పుడు చెట్లను విడదీయరు, చాప అంచులు కోసి అలాగే మళ్లీ దించుతారు.

తొలకరికి ముందు నర్సరీకి వెళ్తే, ముందు వరసలో అమ్మకానికి పెట్టిన లావాటి మొదళ్ల దగ్గర ఆగకుండా, వెనక మూలన ఏమున్నాయో చూపించమని అడగండి. ధర కూడా తక్కువే చెప్తారు.