సగటు ఉక్తి నిడివి: తెలుగు శిశుభాషకు అన్వయం

శిశువుల భాషావికాసాన్ని అంచనా వేయడానికి పరిశోధకులు విరివిగా వాడే కొలమానాల్లో సగటు ఉక్తి నిడివి ఒకటి. ఆడమ్, ఈవ్, సారా అనే ముగ్గురు ఆంగ్లభాషీయ శిశువుల మాటలను పరిశీలించి రోజర్ బ్రౌన్ 1973లో వెలువరించిన ‘ఎ ఫస్ట్ లాంగ్వేజ్’ గ్రంథం దీనికి ప్రాచుర్యం కల్పించింది. శిశువు పలికిన 100 ఉక్తుల్లోని పదాంశాలను లెక్కించి, మొత్తాన్ని 100తో భాగించడం ఇందులోని పద్ధతి. తెలుగులో దేన్ని ఒక పదాంశంగా గణించాలో ముందుగా నిర్ణయించుకోనిదే ఈ సంఖ్యకు అర్థం ఏర్పడదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పదాంశాలకు బదులు పదాలను లెక్కించడం సులభమనిపిస్తుంది. కాని ‘రాను’ అన్న తెలుగు శిశువుకు ఒక పదమే దక్కుతుంది. అదే భావాన్ని ‘ఐ వోంట్ కమ్’ అని చెప్పిన శిశువుకు మూడు దక్కుతాయి. కర్తృబోధ, వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడి ఉన్నందున తెలుగు శిశువు వెనుకబడినట్లు కనిపిస్తుంది. పైగా ‘నాకొద్దు’ అన్నదాన్ని సంధితో రాస్తే ఒక పదం, విడదీస్తే రెండు. శిశువు సామర్థ్యం మారకుండానే రాసేవారి అలవాటును బట్టి సగటు మారిపోతుంది.

పదాంశాల లెక్కలో చిక్కు వేరు. ‘చెయ్యను’లో ధాతువు, వ్యతిరేకార్థక అకారం, పురుష ప్రత్యయం స్పష్టం. ‘రాను’లో ఆ అకారం ధాతువులోని దీర్ఘంలో కలిసిపోయింది. అక్కడ పదాంశాలు రెండా, మూడా? ‘పాలు’, ‘నీళ్లు’ రూపంలో బహువచనాలే అయినా, వాటిని విడదీయడానికి శిశువుకు ఏకవచన రూపం వినిపించదు. పెద్దల వ్యాకరణాన్ని అనుసరించి అన్నింటినీ విడగొడితే శిశువుకు లేని జ్ఞానాన్ని ఆపాదించినట్లవుతుంది.

దీనికి పరిష్కారం బ్రౌన్ నియమాల్లోనే ఉంది. ఆంగ్లంలోని అనియత భూతకాల రూపాలను ఆయన ఒక్కో పదాంశంగానే లెక్కించారు. శిశువు వాటిని వర్తమాన రూపాలతో ముడిపెడుతున్నట్లు ఆధారం లేకపోవడమే అందుకు హేతువు. ఈ సూత్రం ప్రకారం ‘బజ్జో’ ఒక్కటే పలికే శిశువుకు అది ఒకే పదాంశం. ‘బజ్జుంటా’, ‘బజ్జున్నాడు’ అని కూడా పలికే శిశువు విషయంలో ప్రత్యయాలను వేరుగా గణించాలి.

ఇద్దరు పరిశోధకుల లెక్క ఒకటే కావడం విశ్వసనీయతను మాత్రమే నిరూపిస్తుంది. సప్రమాణతకు అది చాలదు. ఆంగ్లానికి నిర్ణయించిన దశల హద్దులను తెలుగు శిశువుపై నేరుగా మోపితే, చక్కగా ఎదుగుతున్న బిడ్డకు భాషాలోపం ఉన్నట్లు నిర్ధారించే ప్రమాదం ఉంది. కనుక తెలుగు శిశుభాషాధ్యయనాల్లో సగటుతోపాటు పదాంశ విభజన నియమాలనూ ప్రకటించడం అవసరం.