వర్డ్‌నెట్‌లో బాబాయి

నిఘంటువు పదములను అకారాది క్రమమున పేర్చును. మన మనస్సు అట్లు పేర్చుకొనదు. కాకి అనగానే మనకు కాకరకాయ కాదు, కోకిలయో పిచ్చుకయో స్ఫురించును. మనస్సులోని ఈ అమరికను పరిశీలింపగోరి 1985లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున జార్జి మిల్లరు బృందము ఆంగ్ల వర్డ్‌నెట్‌ను ప్రారంభించినది. అందు ఏకార్థము గల పదములన్నియు ఒక గణము. ఒక్కొక్క గణము ఒక్కొక్క భావము. కాకి పక్షులలో ఒకటి, పక్షి జంతువులలో ఒకటి, అనునట్లు గణములను మెట్లుగా కలిపినారు. అమరకోశము చదివినవారికి ఇది బొత్తిగా కొత్త గాదు.

భారతీయ భాషలకు బొంబాయి ఐ.ఐ.టి. వారి హిందీ వర్డ్‌నెట్ మాతృక అయినది. తెలుగువారును హిందీ గణమునొకదానిని తీసుకొని, ఆ భావమునకు తెలుగు పదములు వ్రాయవలెను. శ్రమ తగ్గును, ఒకే సంఖ్యతో భాషలన్నియు ముడిపడును. ఈ లాభము స్వల్పము కాదు.

చిక్కు ఎచ్చటననగా, హిందీ గీచిన గీతలు మన గీతలు కావు. హిందీలో తండ్రి తమ్ముడు 'చాచా', తల్లి సోదరి భర్త 'మౌసా'. మనకు తండ్రి తమ్ముడును బాబాయే, పినతల్లి భర్తయు బాబాయే. పెద్దమ్మ భర్త మాత్రము పెదనాన్న. హిందీ గణములను వరుసగా నింపుకొనిపోయినచో బాబాయి రెండు ముక్కలగును. అంతకంటె విపరీతము, 'మౌసా' గణములో పెదనాన్న, బాబాయి పర్యాయపదములై కూర్చుందురు! ఏ తెలుగు పిల్లవాడు ఇందుకు ఒప్పుకొనును? 'మామ' సంగతియు ఇట్టిదే. మేనమామ, మేనత్త మగడు, పిల్లనిచ్చిన మామ, ఈ ముగ్గురికి హిందీలో మూడు వేరు పదములున్నవి. మేనరికము గల మన సమాజమున అవి మూడు అర్థములు కావు, ఒకే వరుస. ఆ 'వరుస' అను భావమునకే హిందీ మెట్లలో తావు లేదు.

భాషకు ప్రత్యేకమైన భావములను విడిగా చేర్చు వీలున్నదని సమాధానము చెప్పవచ్చును. కాని బాబాయి అనుబంధమున వేయదగిన మాట గాదు. 1996–1999 నడుమ సాగిన యూరోవర్డ్‌నెట్‌లో రెండవ మార్గమును చూపినారు: ఏ భాషకు ఆ భాష తన అల్లికను తాను కట్టుకొని, పిదప ఇతరములతో జోడించుట, సరిసమానము కానిచోట 'దాదాపు సమానము' అని గుర్తు వేయుట. అన్ని పదములకు ఇంత శ్రమ అక్కరలేదు. కాకికి హిందీ గణము చాలును. చుట్టరికములకైనను ఈ మార్గమే తగును.

ఉపాధ్యాయులు తరగతిలో వరుసల పటమును మొదట తెలుగులో గీయించి, దానిపై హిందీ పదములను వ్రాయింతురేని, గీతలు ఎచ్చట తప్పునో విద్యార్థులే చూపగలరు.