ఇంజను బలము తగ్గినప్పుడు: మరమ్మతు పద్ధతిపై ఒక విమర్శ

మదీనాగూడ మీదుగా పోవు ముంబాయి రహదారిపై పాత టర్బో కారొకటి వేగమందుకొనలేక ఆయాసపడినదనుకొందము. మరమ్మతుశాలలో పరికరము తగిలించి లోపసంకేతమును చదువుదురు. అది పేర్కొన్న భాగమును వెంటనే మార్చుదురు. ఈ పద్ధతి శాస్త్రీయముగా కనిపించునే గాని, శాస్త్రీయము కాదు.

2004లో మన దేశమునకు వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. కారునే చూడుడు. దాని 1.8 లీటర్ల టర్బో ఇంజను శక్తి 150 అశ్వశక్తి. టర్బోకు, ఇంజనుకు నడుమనున్న రబ్బరు గొట్టము వయసుచే చిట్లినచో, సెన్సారు కొలిచిన గాలిలో కొంత దారిలోనే పోవును. గాలి తగ్గి, పెట్రోలు పాలు హెచ్చి, బలము సన్నగిల్లును. సంకేతము మాత్రము నిర్దోషియైన సెన్సారునే చూపవచ్చును! గొట్టములోనికి కొద్ది పీడనముతో గాలి పంపి సబ్బునీరు పూసినచో, బుడగలే చిల్లును పట్టియిచ్చును.

మరియొక సంగతి. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఇచట వాయుపీడనము దాదాపు 6 శాతము తక్కువ. టర్బోలేని ఇంజనుకు ఇంచుమించు ఆ మేరకు బలము తగ్గుట ప్రకృతిధర్మమే గాని రోగము కాదు.

పరికరమును నిందించుట మా ఉద్దేశము కాదు. అది మంచి సాక్షి. కాని సాక్ష్యము తీర్పు కాజాలదు. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, సిలిండరులోని పీడనము—వీనిని వరుసగా కొలువక భాగము మార్చినచో యజమాని ధనము వ్యర్థమగును. బాగుపడవలసిన బండి పాతఇనుమునకు పోవును. మరమ్మతుకు ముందు, తరువాత తీసిన కొలతలను బిల్లుపై వ్రాసి యిమ్మని యజమానులు అడుగవలెను.